ఎల్లేశం మనిషి

పోయిన వారం నవనీతను లిఫ్టులో వదిలేసి వచ్చాం. పాపం, అప్పటినుంచీ ఆమె అక్కడే నిలబడి ఉంది. చేతిలో మొగుడి పనిసంచి, కడుపులో కుంపటి.

మధ్యలో వారం తప్పిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎల్లేశం శేరిలింగంపల్లిలో ఉంటాడు, గీజర్లు బాగుచేస్తాడు. నవనీత అతని భార్య. అతని ఫోన్లో మనుషులకు పేర్లుండవు, ఊరూ రోగమూ ఉంటాయి. 'నల్లగండ్ల లీకేజీ', 'కొండాపూర్ షాకు', 'గోపన్‌పల్లి సున్నం' అని రాసుకుంటాడు. పెళ్లాం నంబరు మీద కూడా 'ఇల్లు' అనే ఉంటుంది. అలాంటి ఫోన్లో ముందు ఊరు లేకుండా, వెనక రోగం లేకుండా ఒకే ఒక్క పేరు నవనీత కంట పడింది. 'రోహిణి'. తను ఇల్లట, ఆమె రోహిణి అట. ఆ రోజు నుంచి నవనీతకు అన్నం సయించలేదు.

పైగా మనిషి తీరు మారింది. ఎల్లేశం చొక్కాలు మానేసి టీషర్టులు తొడుగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేత్తో కలుపుకుని తిన్నవాడు చెంచా పట్టాడు. అదేందని అడిగితే సాఫ్ట్‌వేర్ వాళ్లను చూసి నేర్చుకున్నానన్నాడు. ఏ సాఫ్ట్‌వేర్ వాళ్లనో నవనీతకు చెప్పక్కర్లేదు. ఇంట్లో గీజరు దసరాకు ముందే మూలపడితే దానివంక చూడడు, ఆ రోహిణి ఇంటి గీజరుకు మాత్రం ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పరిగెత్తుతాడు. ఇక్కడ ఈమె బకెట్లో రాడ్డు వేసి, అది ఎప్పుడు కొడుతుందోనని దూరంగా నిలబడి నీళ్లు కాచుకుంటోంది. ఇంతలో మొన్న మెట్ల కింద నిలబడి, గొంతు తగ్గించి అతను ఫోన్లో అన్న మాట ఆమె చెవిన పడనే పడింది.

"పెట్టుకున్న మేడం. మనిషిని పెట్టుకున్న. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

మనిషిని పెట్టుకోవడమంటే మనకు రెండు అర్థాలు. ఒకటి పనిలో సాయానికి. రెండోది ఏమిటో మీకూ తెలుసు, నవనీతకూ తెలుసు. అసూయ పట్టినవాళ్లు మొదటి అర్థం దగ్గర ఆగరు కదా. శనివారం మధ్యాహ్నం ఎల్లేశం కోకాపేట వైపు పని ఉందని బండెక్కగానే, మూలనున్న పాత పనిసంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. హైటెక్ సిటీ వెనక, ఎల్లేశం నోట విన్న ఆ టవర్ల గేటు దగ్గర రోహిణి ఇల్లు అడిగింది. కాపలా ఉన్న తిరుపతి నువ్వెవరంటే, ఏం చెప్పాలో తోచక "ఎల్లేశం మనిషిని" అంది. అతను ఫోన్ చేసి కనుక్కున్నాడు. పైనుంచి వెంటనే పంపించమని జవాబొచ్చింది. అంత వెంటనే రావడమే నవనీతకు గుచ్చుకుంది.

లిఫ్టు ఆగింది. ఇక మనమూ ఆమెతో పాటు దిగుదాం.

తలుపు తీసిన ఆవిడను చూసి నవనీత మొదట నిరాశపడింది. దారి పొడుగునా ఆమె ఒక అందగత్తెను ఊహించుకుంటూ వచ్చింది. ఎదురుగా నిలబడ్డది ముప్పై అయిదు దాటిన మామూలు మనిషి. నూనె పెట్టిన జుట్టు పైకి మడిచి క్లిప్పు బిగించుకుంది. పైజామా మోకాళ్ల దగ్గర వెలిసిపోయి ఉంది. మెడలో హెడ్‌సెట్ వేలాడుతోంది. హెడ్‌సెట్ తప్ప ఇంకేమీ లేదు గానీ, ఈ సాఫ్ట్‌వేర్ ఆడవాళ్ల మెడలు చూసి ఏ సంగతీ తేల్చుకోలేం.

అందగత్తె అయితే ఎంత బాగుండేది. మగబుద్ధి ఇంతేనని తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈమెలో ఏం చూశాడన్న ప్రశ్న అంతకంటే ఎక్కువ మండింది.

"రండి రండి. ఎల్లేశం గారు పెట్టుకున్న మనిషి మీరేనన్నమాట," అంది రోహిణి, ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నదానిలా. "ఆడవాళ్లని పెట్టుకున్నారని ఆయన చెప్పనేలేదండి. ఎంత మంచి పని చేశారో."

నవనీత ఆటోలో ఒక ఉపన్యాసం తయారుచేసుకుంది. నా సంసారంల నిప్పులు పోసినవని మొదలై, నీ ఆఫీసుకొచ్చి అందరి ముంగట అడుగుతానని ముగిసే ఉపన్యాసం అది. అంతా గుమ్మం బయటే ఆగిపోయింది. ఎల్లేశం గారట. అతన్ని గారు అని పిలిచినవాళ్లను ఆమె ఇంతవరకు చూడలేదు. టవర్ల వాళ్లు బాబూ అంటారు, కొందరు పేరు కూడా అడక్కుండా గీజరూ అని కేకేస్తారు. తను పిలిస్తే ఏమయ్యో అని పిలుస్తుంది. మొగుడికి దక్కిన ఒక చిన్న 'గారు' మీద కూడా ఈర్ష్య పుడుతుందని నవనీతకు ఆ గుమ్మంలోనే తెలిసింది.

అయినా నోరు మూసుకుంది. దొంగను పట్టడానికి ఇంతకంటే మంచి వేషం దొరకదు. రోహిణి ఎవరికో రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పి హెడ్‌సెట్ తీసేలోగా, నవనీత చెప్పుల స్టాండంతా కళ్లతో గాలించింది. మగవాళ్ల జోడు ఒకటుంది, కానీ చిన్న పాదం. ఎల్లేశంవి కావు. ఊపిరి పీల్చుకోవాలో, ఇంకో అనుమానం తెచ్చుకోవాలో తెలియక రోహిణి వెంట బాత్‌రూములోకి నడిచింది.

అక్కడ, షాంపూ సీసా పక్కన, పానా ఉంది.

ఇక్కడ ఆ పానా గురించి కొంచెం చెప్పాలి. ఎల్లేశానికి పని నేర్పిన మునిస్వామి మేస్త్రి పోయేముందు అతనికిచ్చిన పానా అది. పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. ఎల్లేశం దాన్ని ఏ ఇంట్లోనూ వదిలి రాడు, ఎవరినీ ముట్టనివ్వడు. పెళ్లయిన కొత్తలో నవనీత సరదాపడి, నాకు కూడా నేర్పరాదూ అని దాన్ని తీసుకుంటే లాక్కున్నాడు. నీళ్లూ కరెంటూ కలిసేచోట ఆడమనిషికేం పనన్నాడు. ఆ తర్వాత కూడా ఆమె చాలాసార్లు అడిగింది, చాలాసార్లు అదే జవాబు విన్నది. దసరా నాడు ఆయుధపూజకు ఆ సామాన్లన్నీ కడిగి, తుడిచి, బొట్లు పెట్టేది మాత్రం నవనీతే. ఏడాదికి ఆ ఒక్క పొద్దు వాటిమీద ఆమెకు హక్కు. ఈ దసరాకు బొట్టు పెడుతుంటే ఈ పానా కనిపించలేదు. ఎక్కడో సైటులో మరిచిపోయానన్నాడు. దేవుడి ముందు కూచుని చెప్పిన అబద్ధం అది.

ఇప్పుడది ఇక్కడ, ఈవిడ సబ్బుల మధ్య, ఇంటి సామానులా పడుంది. దవడల సందులో నిరుడు తను పెట్టిన కుంకుమ ఇంకా ఎర్రగా కనబడుతోంది. నవనీతకు ఆ పానా తీసుకుని గీజరు బదులు రోహిణి తల విప్పాలనిపించింది.

రోహిణికి ఇవేవీ తెలియవు. ఆమె స్టూలు లాక్కుని ఉషారుగా ఎక్కేసి, చెప్పుకుపోతోంది. నీళ్లు కాగుతున్నాయి గానీ, రెండు చెంబులు పోసుకునేసరికి చల్లబడుతున్నాయట. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడట. అలా చప్పుడొస్తే కాయిల్‌కు సున్నం పట్టినట్టేనట. ఈ చుట్టుపక్కల టవర్లకు వచ్చేది బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు కదా, ఏడాదికోసారి విప్పి శుభ్రం చేసుకోకపోతే ఏ గీజరూ నిలవదట.

"మెయిన్ స్విచ్చి కట్టేశా, పైన వాల్వు మూసేశా, ట్యాంకులో నీళ్లు వదిలేశా," అంది రోహిణి. "ఎల్లేశం గారు ఎప్పుడూ అంటారు చూడండి. 'ముందుగాల కరెంటును ఎల్లగొట్టాలె, ఎన్కసిరి నీళ్లను. రెండూ పోయినంకనే మనం లోపటికి పోవాలె.'"

నవనీత బకెట్ పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాటలు ఎల్లేశంవి. ఆ సాగదీత ఎల్లేశంది. కోస్తా యాస మాట్లాడే ఈవిడ నోట్లో అచ్చం అతని మాట, అతని ఊపుతో సహా పలుకుతోంది. పక్కన కూచుని, ఎన్నిసార్లు వింటే వస్తుంది ఆ ఊపు? ఇన్నేళ్ల కాపురంలో ఈ ముక్క తనకు ఒక్కసారైనా చెప్పలేదు. గీజర్ల మేస్త్రి పెళ్లానికి గీజరు లోపల ఏముంటుందో తెలియదు. ఈవిడకు తెలుసు.

రోహిణి కింది మూత తీసి, వైర్లు విడదీసి, పానాతో నట్లు వదులు చేసింది. చేతులు ఇంకా కొత్తవే, ఒక నట్టు జారి బకెట్లో పడింది. కాయిల్ కిందికి లాగితే తెల్లగా, లావుగా, సున్నం పెచ్చులు కట్టి వచ్చింది. దాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ముంచితే బుసబుసమని పొంగింది. కాయిల్ పక్కనే అరిగి పుల్లలా మిగిలిన ఒక కడ్డీ ఉంది.

"ఇది ట్యాంకు తుప్పు పట్టకుండా తుప్పంతా తనే తింటుందటండి. దీన్ని మార్చకపోతే తర్వాత ట్యాంకు పోతుంది. 'తనే అరుగుతది మేడం, బయటికైతే కానరాది' అంటారాయన."

ఆ కడ్డీ వైపు నవనీత అంతగా చూడలేదు. ఆమెకు కావలసిన సంగతి వేరే ఉంది. మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది, ఇన్నిసార్లు ఎందుకు రావాల్సొచ్చిందని. రోహిణి నవ్వేసింది. మొదటిసారి వాషరు ఒక్కటే మార్చి, తను నట్లన్నీ ఒక పక్కనే గట్టిగా బిగించేసిందట. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలని చెప్పినా మరిచిపోయిందట. తెల్లారేసరికి కారడం మొదలైంది. అతను మళ్లీ వచ్చాడు, మళ్లీ చెప్పాడు. మళ్లీ కారింది, మళ్లీ వచ్చాడు.

"ఒక్కసారి కూడా కోప్పడలేదండి. ఎంత ఓపికో ఆయనకి."

ఓపికట. టీవీ రిమోటు తప్పు నొక్కితే కసిరే మనిషికి ఓపిక. నవనీత పళ్లు కొరుక్కుంది. ఇంట్లో ఖర్చు చేయకుండా దాచిన మంచితనమంతా తెచ్చి ఈ ఇంట్లో కుమ్మరించాడు.

"పనోడు ఆయన. నట్లు మీరెందుకు బిగించిండ్రు?" అని అడిగేసింది. గొంతు కొంచెం పదునుగానే వచ్చింది.

రోహిణి స్టూలు మీదనుంచి కిందికి చూసింది. ఆశ్చర్యంగా చూసింది. "మీకు చెప్పలేదా? పక్కన ఉండి పని చేసేవాళ్లకి చెప్పాలి కదండీ ఆయన. చెయ్యి సంగతి."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

శ్రావణంలో జరిగిందట. ఎవరి ఇంట్లోనో ఎర్తింగ్ వైరు తగిలించకుండా వదిలేసిన గీజరు. లోపల కాయిల్ చిల్లిపడి కరెంటు ట్యాంకులోకి దిగి ఉంది. ఎల్లేశం చెయ్యి పెట్టాడు. విసిరికొట్టింది. పైకి ఒక గాయం లేదు, కాలిన మచ్చ లేదు. కానీ ఆ రోజు నుంచి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి. మొద్దు అలా మణికట్టు దాకా పాకింది. తర్వాత ఈ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు పట్టు తప్పి పానా కిందపడింది. రోహిణి వేలు చూపించిన చోట పలక పగిలి ఉంది.

"తీసుకుందామని వంగారు, వేళ్లు ముడుచుకోలేదు. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయారండి. నాకేం చెయ్యాలో తెలియలేదు. మీరు చెప్పండి, నేను విప్పుతానని స్టూలెక్కాను. ఆ రోజు నుంచి ఇదే వరస. పానా కూడా ఇక్కడే ఉంచేశారు. నా చేతిలో ఉంటే కిందపడుతుంది, ఇక్కడే ఉండనీ అన్నారు."

నవనీత బకెట్ కింద పెట్టింది. చెంచా. షోకు అనుకున్న చెంచా. చొక్కా గుండీలు. పెట్టుకోలేని గుండీలు. దసరా ముందు నుంచీ చెడిపోయి ఉన్న ఇంటి గీజరు. విప్పితే తను పక్కనే నిలబడి చూస్తుందని, దాని ముందుకే రాని మొగుడు. నెలల తరబడి ఒకే కంచం దగ్గర కూచుని ఆ చెయ్యి చూస్తూ, ఆమె చూసింది మాత్రం ఇంకో ఆడదాన్ని.

ఇక్కడితో అసూయ చల్లారిపోవాలి కదా అని మీరు అనుకుంటారు. ఈ వారం భాగం రాయడానికి కూచున్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నవనీత ఒప్పుకోలేదు.

ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపుతో పాటు ఇంకా పెద్ద మంట వచ్చింది. ఏ వేలో కూడా ఈవిడకు తెలుసు. బొటనవేలూ, పక్క రెండూ అని లెక్కగా చెబుతోంది. నరాల డాక్టరు దగ్గరికి కూడా తనే కార్లో తీసుకెళ్లిందట. మెల్లగా తిరిగి రావచ్చు, అంతవరకు కరెంటు పని ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. సూదులు గుచ్చి పరీక్ష చేస్తున్నప్పుడు ఎల్లేశం భయపడితే పక్కన కూచుని ఆ చెయ్యి పట్టుకుందట.

"పట్టుకున్న సంగతి కూడా ఆయనకి తెలియలేదండి," అంది రోహిణి నెమ్మదిగా.

మొగుడి చెయ్యి ఈవిడ పట్టుకుంది, ఆ చేతికి తెలియలేదు. ఆ గదిలో నవనీతకు దొరికిన ఓదార్పు అదొక్కటే. ఆ ఓదార్పు పుట్టినందుకు తనమీద తనకే రోత కలిగింది.

కాయిల్ కడిగి, కొత్త కడ్డీ వేసి, రబ్బరు వాషరు సర్దడం అయ్యింది. ఇక బిగించడమే మిగిలింది. రోహిణికి భుజాలు నొప్పెట్టాయేమో, నాలుగు నట్లు చేత్తో తిప్పి వదిలి స్టూలు దిగింది. ఆయన పెట్టుకున్న మనిషి కదా, ఇక మీరే కానివ్వండన్నట్టు పానా ముందుకు చాపింది.

నవనీత చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. తెలియకుండానే నోటినుంచి మాట వచ్చేసింది.

"చేతికియ్యకుండ్రి. కింద పెట్టుండ్రి."

రోహిణి పానా పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది. నవనీత ముఖం వైపు కొత్తగా చూసింది.

"ఆయన కూడా ఇదే అంటారండి," అంది. "ఇనుము చేతికిస్తే కొట్లాటలొస్తాయి, కింద పెట్టండి, మా ఇంటిది చూస్తే ఊరుకోదు అంటారు. ఆవిడ చూడట్లేదు కదండీ అని నవ్వేదాన్ని. అయినా ఇవ్వనిచ్చేవారు కాదు."

అది నవనీత అలవాటు. ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నది. కత్తి గానీ, తాళంచెవి గానీ చేతికి ఇవ్వదు, పుచ్చుకోదు. ఇన్నేళ్లూ ఎల్లేశం దాన్ని వెక్కిరిస్తూనే ఉన్నాడు. తను లేని ఇంట్లో మాత్రం పాటించాడు.

రోహిణి పానాను మెల్లగా నేలమీద పెట్టింది. "మీరు నవనీత గారా?"

"ఔ," అంది నవనీత. "మనిషిని గాదు. పెండ్లాన్ని."

కుళాయినుంచి మిగిలిన నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. రోహిణి గాభరాపడిపోయి, ఫోన్లో ఆ పేరు సంగతి కూడా తనే చెప్పేసింది. అతని వేలు స్క్రీన్ మీద పడక తంటాలు పడుతుంటే, తనే లాక్కుని తన పేరు కొట్టి ఇచ్చిందట. అంతకు మించి ఏమీ లేదట. ఈ మాటలు నవనీత విన్నది గానీ వాటి దగ్గర ఆగలేదు. ఆమె మనసులో ఇంకో ప్రశ్న చాలా ఏళ్లుగా కూచుని ఉంది. అడగాల్సిన మనిషి ఈమె కాదని తెలిసినా ఈమెనే అడిగింది.

"మీకు నేర్పిండు. నాకెందుకు నేర్పలే మేడం?"

రోహిణి తడిసిన చేతులు పైజామాకు తుడుచుకుంది.

"నాకు షాకు కొడితే ఆయన జాలిపడతారండి. జాలిపడి ఇంటికెళ్లి అన్నం తింటారు. మీకు కొడితే తినలేరు. అందుకేమో."

రోహిణి కొనసాగించింది. చెయ్యి సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదని కూడా ఆయన్ని తను అడిగిందట. పెళ్లికి ముందు నవనీత ఇక్కడే ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసేదట కదా. నా రెండు చేతులుండగా నువ్వు ఒకరి బాత్‌రూములు కడగడమేంటని ఉద్యోగం మాన్పించాడట కదా. 'ఆ రెండు చేతులల్ల ఒకటి పోయిందని ఏ మొకం పెట్టుకోని చెప్పాలె మేడం' అన్నాడట.

మళ్లీ అతని మాట ఆమె నోట్లోంచి వచ్చింది. కానీ ఈసారి నవనీతకు ఆ నోరు కనబడలేదు. మెట్ల కింద గొంతు తగ్గించి మాట్లాడుతున్న ఎల్లేశం కనబడ్డాడు. పిచ్చి మొగుడు. రెండు చేతులు లేకపోతే నేను లేనా అనుకున్నాడా. కోపం, జాలి, ఇంకా ఆరని ఈర్ష్య అన్నీ కలిసిపోయాయి. ఇవాళ సాయంత్రం ఇంటికి రానీ, కంచం ముందు కూచోబెట్టి, ఆ చెంచా లాగి అవతల పారేసి, తనే ముద్దలు కలిపి నోట్లో పెట్టి, అప్పుడు తిడదామనుకుంది.

"ఉండండి," అంది రోహిణి ఉన్నట్టుండి. "మీరు ఆయన పెట్టుకున్న మనిషి కాకపోతే, ఆ మనిషెవరండీ?"

"ఏ మనిషి లేడు."

"నాకు మొన్న ఫోన్లో చెప్పారు కదా. మనిషిని పెట్టుకున్నాను, ఇక ఫికర్ చెయ్యొద్దని."

పెట్టుకున్న మేడం. మనిషిని పెట్టుకున్న. నవనీత ఆ మాటను ఇప్పుడు మొదటి అర్థంలో విన్నది. ఆ అర్థం కూడా అబద్ధమే. అతను రోజూ ఒక్కడే బండెక్కి వెళ్తున్నాడు. ఇవాళ కూడా ఒక్కడే వెళ్లాడు. ఇంటిదానికి చెయ్యి దాచాడు, ఈవిడకు ఒంటరితనం దాచాడు. ఇద్దరికీ చెరో అబద్ధం పంచి ఇచ్చాడు.

రోహిణి ముఖం పాలిపోయింది. "మీరొచ్చే ముందే ఫోన్ చేశానండి. కోకాపేటలో ఉన్నానన్నారు. ఎవరింట్లోనో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందట. మనిషి పక్కనున్నాడా అని అడిగా. ఉన్నాడు, స్టూలు పట్టుకున్నాడు అన్నారు. మీరొస్తే, అక్కడ పనయ్యి మిమ్మల్ని ఇటు పంపారనుకున్నా."

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఏమిటో ఒక గంట కిందట అయితే నవనీతకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. శ్రావణంలో కొట్టింది కూడా అలాంటి గీజరే.

"టెస్టరు సంచిలోనే ఉంటుంది ఆయనకి," అంది రోహిణి. "ట్యాంకు మీద చెయ్యి వెనకభాగం ఆనించి చూస్తారు. 'కరెంటుంటే చేతికి తెలుస్తది మేడం, టెస్టరెందుకు' అంటారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. కుడిచెయ్యే ఆనిస్తారండి." నవనీత వైపు తిరిగింది. "ఏ మనిషీ లేకపోతే, అక్కడ ఆయన పక్కన ఎవరున్నారు?"

నవనీత అప్పటికే ఫోన్ తీసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మోగుతుండగానే వంగి నేలమీది పానా తీసుకుంది. బరువుగా, చల్లగా ఉంది. పెళ్లయిన కొత్తలో లాక్కున్న తర్వాత, దసరా కాని రోజున దాన్ని పట్టుకోవడం ఇదే. సంచిలో వేసుకుని తలుపు వైపు నడిచింది. కారు తాళాలు వెతుక్కుంటూ రోహిణి వెనకే పరిగెత్తుకొచ్చింది. ఆమె వస్తానంటే వద్దనలేదు.

లిఫ్టు దగ్గర మూడోసారి చేసింది. ఈసారి ఎత్తారు.

"ఏమయ్యో," అంది నవనీత.

ఎల్లేశం కాదు. ఎవరో మగమనిషి, ముసలి గొంతు. రొప్పుతున్నాడు. వెనక నీళ్లు పడుతున్న చప్పుడు, ఇంకెవరో పట్టండి, లేపండి అంటున్న మాటలు.

"హలో, ఈ ఫోన్ మీద 'ఇల్లు' అని వస్తోందమ్మా. మీరు ఈయన ఇంటివాళ్లేనా?"

"ఇంటిదాన్నే మాట్లాడుతున్న," అంది నవనీత. తన గొంతు తనకే కొత్తగా, గట్టిగా వినిపించింది. "ఆయనను ఎవ్వరు ముట్టకుండ్రి. ముందుగాల కరెంటును ఎల్లగొట్టుండ్రి."